పాదమునకు తోడైన గాలి

అనంతపురము జిల్లాలో బావి త్రవ్వుట జూదమాడుట వంటిది. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కురియునని లెక్కలు చెప్పును గాని, ఆ వాన ఏ నెలలో వచ్చునో, ఏ యూరిమీద కురియునో, ఏ యూరిని దాటిపోవునో చెప్పగలవారు లేరు. నైరృతి ఋతుపవనమునకు పడమటి కనుమలు అడ్డుపడును. ఈశాన్య ఋతుపవనము కోస్తా తీరముననే తన బరువు దించుకొని, ఈ మెట్టకు వచ్చుసరికి వట్టి గాలిగా మిగులును. అందువలన ఇచటి రైతు ఆకాశమును నమ్ముట మాని భూగర్భమును నమ్మ నేర్చెను. రాతిని పగులగొట్టి నలుబది, ఏబది, అరువది అడుగుల లోతు బావులు దింపెను. తొలుత కపిల కట్టి ఎద్దులతో నీరు తోడెను. పిమ్మట ఆయిలు ఇంజను వచ్చెను. దాని వెనుక విద్యుత్తు మోటారు వచ్చెను.

నేడు ఎండి, ముండ్లకంపతో నిండియున్న ఆ పాత బావులలోనికి తొంగిచూచినవారికి ఒక విశేషము కనబడును. బావి నడిమి లోతున, గోడలోని రాతిని తొలిచి చేసిన అరుగు ఒకటి ఉండును. పంపును, మోటారును ఆ అరుగుమీదనే నిలిపెడివారు. గట్టుమీద కావలసినంత చోటుండగా, అంత బరువైన యంత్రమును మోకులు కట్టి, ప్రాణములకు తెగించి, బావిలోనికి దింపుట ఎందులకు? నీరు ఇంకిన కొలదియు అరుగును మరికొంత క్రిందికి మార్చుట ఎందులకు? పట్టణమునుండి వచ్చినవారు దొంగల భయముచేత కాబోలునని తలతురు. కారణము దొంగలు కారు. గాలి.

ఈ సంగతి చక్కగా తెలిసిన మేస్త్రి ఒకడు పెనుకొండ ప్రాంతమున ఉండెను. హైదరాబాదునుండి బెంగుళూరు పోవు పెద్ద రహదారి ప్రక్కన, వేపచెట్టు క్రింద, ఆతనికి ఒక రేకుల షెడ్డు ఉండెను. వయసులో ఉన్నప్పుడు ఆతడు పంపుసెట్లు బాగుచేయుచు ఊరూర తిరిగినవాడు. నిచ్చెన లేని బావులలో మోకు పట్టుకొని దిగి, నడిమి అరుగుమీద కూర్చుండి, మోటారు విప్పి మరల బిగించినవాడు. కాలక్రమమున బావులు ఎండెను. బోర్లు వచ్చెను. బోరులోని మోటారు నీటిలోనే మునిగియుండి నీటిని పైకి నెట్టును గాని పైనుండి పీల్చదు. దానిని బాగుచేయువారు వేరు. పని సన్నగిల్లగా మేస్త్రి వాహనములవైపు మరలెను. ఆతనిని పేరు పెట్టి పిలిచినవారు తక్కువ. చదివినది అయిదవ తరగతి. అయినను, ఒక యంత్రమును విప్పినచో అది ఎందులకట్లు చేయబడినదో తెలియువరకు మరల బిగింపని స్వభావము ఆతనిది. ఇట్టి స్వభావము అయిదవ తరగతితో రాదు, పట్టములతోను రాదు.

2002వ సంవత్సరము దేశమున చాలచోట్ల వానలు తప్పిన యేడు. అనంతపురము మెట్టలో వేరుసెనగ పైరు పూతకు రాకముందే మాడినది. ఆ యేడు మేస్త్రి షెడ్డుకు ఒక రైతు వచ్చెను. ఆతనిని రైతు అనుటయు కష్టమే. బావి ఎండగా ఎద్దులను అమ్మి, ఆ సొమ్ముకు కొంత అప్పు చేర్చి, ఒక పాత డీజిలు వ్యాను కొని, సంతలకు మనుష్యులను, మూటలను చేరవేయుచు బ్రతుకుచుండెను. ఆ దినమున వ్యాను ముందరి దీపము పగిలియుండెను. ఎడమప్రక్క రేకు నొక్కుకొని, దానికి ఎఱ్ఱమన్ను అంటియుండెను. ఆతని చేతులు ఇంకను వణకుచుండెను.

“బ్రేకు పోయింది మేస్త్రీ,” అనెను. “ఎంత తొక్కినా దిగలేదు. రాయి మాదిరి బిగుసుకొనింది.”

మేస్త్రి వెంటనే వ్యాను క్రింద దూరలేదు. బ్రేకు నూనె కారినదేమో చక్రములవద్ద చూచెను. కారలేదు. నూనె గిన్నె మూత తీసి చూచెను. నిండుగానే ఉన్నది. అప్పుడు తిరిగి వచ్చి, “మిట్ట దిగేటప్పుడు ఇంజను ఆపినావా అప్పా?” అని అడిగెను.

రైతు తలవంచుకొనెను. జరిగినది ఇది. ఊరి మిట్టనుండి వంక వరకు మైలు పొడవున ఏటవాలు దారి కలదు. ఆ దారిలో వ్యాను తనంతట తానే దిగును గదా, డీజిలు దండుగ యెందులకని ఆతడు గేరు తప్పించి, తాళపుచెవి త్రిప్పి, ఇంజను ఆపెను. మొదటి మలుపున బ్రేకు బాగుగనే పడినది. రెండవ మలుపునను పడినది. మూడవ మారు వంక కల్వర్టువద్ద ఒక గొఱ్ఱెల మంద దారికి అడ్డముగా దాటుచుండెను. మంద వెనుక పదియేండ్ల పిల్లవాడు. ఆతడు పెడలుపై కాలు మోపెను, అది కదలలేదు. రెండు కాళ్లతో లేచి నిలుచుండి తొక్కెను. చేతిబ్రేకు లాగెను. తుదకు వ్యానును దారిప్రక్క మట్టికట్టకు త్రిప్పి, దాని ఒరపిడితో ఆపెను. పిల్లవానికిని వ్యానుకును నడుమ మిగిలినది రెండు బారల దూరము.

ఆ దినమున ఆతడు మిగుల్చుకొనదలచిన డీజిలు ఒక చెంబెడు ఉండునో ఉండదో! కాని కరవునాడు చెంబెడు డీజిలు కూడ లెక్కలోనిదే. కడుపునిండినవారు దానిని నవ్వరాదు.

“బ్రేకు పోలేదప్పా. దానికి తోడుండే మనిషిని నువ్వే పంపించినావు,” అనెను మేస్త్రి. రైతునకు అర్థము కాలేదు. మేస్త్రి ఆతనిని వేపచెట్టు నీడన కూర్చుండబెట్టి వేరొక ప్రశ్న వేసెను.

“మీ బావిలో మోటారు ఎక్కడ పెట్టింటిరి?”

“నడిమి అరుగు మీద.”

“గట్టుమీద ఎందుకు పెట్టలేదు?”

“గట్టుమీద పెడితే నీళ్లెక్కవు గదా మేస్త్రీ.”

“ఎందుకెక్కవు?”

ఆ ప్రశ్నకు రైతు సమాధానము చెప్పలేకపోయెను. అందులకు ఆతడు సిగ్గుపడనక్కరలేదు. అదే ప్రశ్న నాలుగువందల యేండ్ల క్రిందట ఐరోపాలోని మహా పండితులను గూడ చిక్కుపెట్టినది. నీటిని పీల్చు పంపు ఒక హద్దు దాటి పైకి ఎక్కింపదని, 1638లో ప్రచురితమైన తన గ్రంథమున గెలీలియో వ్రాసెను గాని దానికి సరియైన కారణము చెప్పలేదు. ఆతని శిష్యుడైన టారిసెల్లి ఆ చిక్కు విప్పెను. మనుష్యులు గాలి అను సముద్రపు అడుగున నివసించుచున్నారని, ఆ గాలికి బరువు కలదని ఆతడు గ్రహించెను. పంపు నీటిని పీల్చుట లేదు. అది గొట్టములోని గాలిని మాత్రము తొలగించుచున్నది. బావినీటిపై బయటినుండి ఒత్తుచున్న గాలియే ఆ నీటిని గొట్టములోనికి నెట్టుచున్నది. గాలి మోయగలిగినంత ఎత్తే నీరు ఎక్కును. సముద్రమట్టమున అది సుమారు 34 అడుగులు.

ఎత్తునకు పోయిన కొలదియు మీదనున్న గాలి తగ్గును గనుక, దాని ఒత్తిడియు తగ్గవలెను. ఫ్రాన్సు దేశీయుడైన పాస్కల్ ఈ మాటను పరీక్షింపగోరి, తన బావయైన పెరియేను ఒక కొండపైకి పంపెను. 1648 సెప్టెంబరు 19వ తేదీన పెరియే పాదరసపు గొట్టముతో ప్యూయి ద డోమ్ అను కొండ ఎక్కెను. శిఖరమువద్ద పాదరసము సుమారు మూడు అంగుళములు దిగినది. అనంతపురము పట్టణము సముద్రమట్టమునకు 335 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ లెక్కన ఇచటి గాలి ఒత్తిడి సముద్రతీరమున కంటె నూటికి నాలుగు పాళ్లు తక్కువ. కనుక ఇచటి గాలి నీటిని 33 అడుగుల వరకైనను మోయలేదు. గొట్టపు అతుకులలోను, ఫుట్‌వాల్వులోను కలుగు నష్టములు పోగా, వాడుకలో ఇరువది, ఇరువదియైదు అడుగులే దక్కును. కావుననే నీటిని తన వద్దకు రప్పింపలేని రైతు పంపునే నీటి వద్దకు దింపెను. గెలీలియో గ్రంథము చదువని ఆ రైతు చేసిన పని శాస్త్రమునకు సరిపోయినది.

గాలి బలమెంతటిదో ప్రజలకు కన్నులార చూపినవాడు జర్మనీలోని మాగ్డెబర్గు నగరపాలకుడు ఆటో ఫాన్ గెరికె. ఆతడు రాగితో రెండు అర్ధగోళములు చేయించి, వాని అంచులు కలిపి, లోని గాలిని పంపుతో తీసివైచెను. 1657లో తన నగరముననే, ప్రక్కకు ఎనిమిది చొప్పున పదునారు గుఱ్ఱములను కట్టి లాగించెను. ఆ గోళపు వ్యాసము ఇంచుమించు ఇరువది అంగుళములు మాత్రమే. అయినను దానిని ఒత్తిపట్టుకొన్న గాలి బలము రెండు టన్నులు ఉండును. గుఱ్ఱములు మిక్కిలి శ్రమపడెను. గాలిని మరల లోనికి వదలినంతనే ఆ గోళము చిన్నపిల్లవాని చేతికి గూడ రెండుగా విడిపోవును.

మేస్త్రికి గెరికె పేరు తెలియదు. కాని ఆతని షెడ్డులో ఒక మూల అటువంటిదే ఒక వస్తువు ఉండెను. అది పాత కారునుండి తీసిన బ్రేకు బూస్టరు. రెండు పళ్లెములను మూతికి మూతి చేర్చి బిగించినట్లున్న గుండ్రని ఇనుప డబ్బా అది. దానిని తెచ్చి రైతు ముందు పెట్టి, నడుమ కోసియున్న భాగమును చూపెను.

డబ్బా లోపల ఒక రబ్బరు పొర అడ్డముగా కట్టబడి, దానిని రెండు గదులుగా విభజించును. ముందరి గది ఇంజను వైపునకు, వెనుకటి గది డ్రైవరు వైపునకు ఉండును. ముందరి గదినుండి ఒక గొట్టము బయలుదేరి ఇంజనును చేరును. పెట్రోలు ఇంజనులో డ్రైవరు యాక్సిలరేటరుపై కాలు తీసినపుడు గాలి వచ్చు దారి దాదాపు మూతపడును. లోపల పిస్టనులు మాత్రము గాలికై లాగుచునే యుండును. అందువలన ఆ దారిలో శూన్యము వంటి స్థితి ఏర్పడును. బూస్టరు ఆ శూన్యమును ఎరువు తెచ్చుకొనును. డీజిలు ఇంజనులో సాధారణముగా అట్టి మూత లేదు. కనుక గాలిని లాగివేయుటకు ఒక చిన్న పంపును ప్రత్యేకముగా అమర్తురు. పలు వాహనములలో అది ఆల్టర్నేటరు వెనుక భాగముననే ఉండును. రెండు పద్ధతులలోను ఇంజను తిరిగినంతసేపే శూన్యము పుట్టును. గొట్టము మొదట ఒక ఏకముఖపు వాల్వు కలదు. అది గాలిని డబ్బానుండి బయటికి పోనిచ్చును గాని తిరిగి రానీయదు.

పెడలును తొక్కనపుడు రెండు గదులకు నడుమ దారి తెరచియుండును. రెండింటను శూన్యమే. రబ్బరు పొరకు ఇరువైపుల ఒత్తిడి సమానము గనుక అది కదలక యుండును. డ్రైవరు పెడలుపై కాలు మోపగానే ఒక కడ్డీ లోనికి జరుగును. ఆ చిన్న కదలికతో రెండు పనులు ఒకదాని వెంట ఒకటి జరుగును. మొదట రెండు గదుల నడిమి దారి మూయబడును. వెంటనే వెనుకటి గదిలోనికి బయటిగాలి వచ్చు దారి తెరువబడును. ముందు శూన్యము, వెనుక గాలి. గాలి ఊరకుండునా? బావినీటిని గొట్టములోనికి నెట్టిన ఆ గాలియే ఇచట రబ్బరు పొరను ముందునకు నెట్టును. ఆ పొర నడుమనుండి బయలుదేరిన మరొక కడ్డీ మాస్టరు సిలిండరులోని పిస్టనును త్రోయును. కాలి బలమును, గాలి బలమును కలిసి ఒకే కడ్డీపై పడునన్న మాట.

ఇందులో మిక్కిలి సొగసైన పరికరము మరొకటి కలదు. అది రూపాయి బిళ్లకంటె కొంచెము పెద్దదైన రబ్బరు బిళ్ల. దానిని విప్పినవారు పలువురు అదేదో అదరు తగ్గించుటకు పెట్టినదని తలచి ఊరకుందురు. ఆ బిళ్ల అంచుభాగముపై గాలి బలము ఒత్తును. నడిమిభాగముపై పాదబలము ఒత్తును. దాని రెండవ ముఖము కడ్డీని ఒత్తును. చుట్టును కదలవీలులేకుండ బంధింపబడిన రబ్బరు, ఒత్తిడి పడినపుడు ద్రవపదార్థము వలె ప్రవర్తించి, ఆ ఒత్తిడిని అంతటను సమానముగా పంచును. నడిమిభాగము మొత్తములో నాలుగవ వంతైనచో, కడ్డీపై పడు బలములో ఒక పాలు పాదముది, మూడు పాళ్లు గాలివి. పాదము బలము పెంచిన గాలియు పెంచును. పాదము కదలక నిలిచినచో పొర కొంచెము ముందునకు జరిగి, గాలి వచ్చు దారిని తానే మూసికొని, అచటనే నిలుచును. పాదము తీసినచో నడిమి దారి మరల తెరచుకొని, వెనుకటి గదిలోని గాలి ముందరి గదికి, అచటినుండి ఇంజనుకు పోవును. స్ప్రింగు పొరను యథాస్థానమునకు త్రోయును. ఈ బిళ్ల లేనిచో గాలి తన ఇష్టమువచ్చినట్లు బ్రేకు వేసియుండును. ఎంత బ్రేకు పడుచున్నదో డ్రైవరు పాదమునకు తెలియకపోవును. బలవంతుడైన సేవకుడు యజమాని చేతి ఒత్తిడిని గుర్తెరిగి నడచుకొనవలెను గదా!

ఇక లెక్క చూతము. ఒక కారు పెడలుపై డ్రైవరు 20 కిలోల బలముతో కాలు మోపెననుకొందము. పెడలు ఒక మీట. అది నాలుగింతలు చేసినచో కడ్డీపై 80 కిలోలు పడును. గాలి దానికి 240 కిలోలు చేర్చును. మొత్తము 320 కిలోలు. రబ్బరు పొర వ్యాసము 23 సెంటీమీటర్లైనచో దాని వైశాల్యము 415 చదరపు సెంటీమీటర్లు. ఇరువైపుల ఒత్తిడుల తేడా చదరపు సెంటీమీటరుకు 0.65 కిలో ఉన్నను, ఆ పొర 270 కిలోల వరకు మోయగలదు. కనుక 240 దానికి భారము కాదు. మాస్టరు సిలిండరు పిస్టను వైశాల్యము 3.8 చదరపు సెంటీమీటర్లైనచో నూనెలో పుట్టు ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 84 కిలోలు. ద్రవములో ఒకచోట కలిగిన ఒత్తిడి అంతటను తగ్గక వ్యాపించును. ఇది పాస్కల్ కనుగొన్న నియమము; ఆతడు 1662లో చనిపోగా, మరుసటి యేట వెలువడిన గ్రంథమున లోకమునకు తెలిసినది. ముందరి చక్రమువద్ద నున్న పిస్టను వైశాల్యము 23 చదరపు సెంటీమీటర్లైనచో, అది బ్రేకు పలకను 1,900 కిలోలకు మించిన బలముతో ఒత్తును. ఇరువది కిలోల పాదము తుదకు రెండు టన్నులకు చేరువైనది. గెరికె గోళమును పట్టియుంచిన బలమును ఇంచుమించు అంతే.

గాలి తోడు లేనిచో ఈ లెక్క అంతయు నాలుగవ వంతునకు పడిపోవును. అప్పుడు అదే బ్రేకు పడవలెనన్న పెడలుపై 80 కిలోలు మోపవలెను. అనగా బక్కపలుచని మనిషి తన దేహభారమంతయు దానిపై వైచినను చాలదు. రైతు రెండు కాళ్లతో లేచి నిలుచుండి తొక్కినను వ్యాను వెంటనే ఆగకపోవుటకు కారణమిదియే. కడ్డీ తెగలేదు. నూనె కారలేదు. కాలు పెట్టిన బలము చక్రమును చేరుచునే యుండెను. కాని అది ఒంటరి కాలు. మొదటి రెండు మలుపులలో బ్రేకు ఎట్లు పడినదందురా? ఏకముఖపు వాల్వు డబ్బాలో దాచియుంచిన శూన్యము రెండు మూడు మారులకు సరిపోవును. ఒక్కొక్కమారు తొక్కినపుడు కొంత గాలి లోనికి వచ్చును. ఇంజను ఆగియుండుటచే దానిని తీసివేయువారు లేరు. రైతు ఆ కూడబెట్టినదానిని మొదటి రెండు మలుపులలో వెచ్చపెట్టెను. మంద ఎదురైన వేళకు డబ్బా వట్టిది. సరిగా చెప్పవలెనన్న, గాలితో నిండినది! గేరు తప్పించుటచే ఇంజను ఈడ్పు గూడ లేక వ్యాను వేగము మరింత హెచ్చెను.

పూర్వపు జీపులకు బూస్టరు లేదు. వానిని నడపినవారు తొడబలముతోనే బండి ఆపెడివారు. ఆనాటి బ్రేకులు డోలు వంటివి; తిరుగుచున్న డోలు తానే బ్రేకు చెక్కను మరింత బిగియ లాగికొనును. అందుచే కొంత పని సులువయ్యెను. పలక బ్రేకులకు ఆ గుణము లేదు. అవి వేడిని బాగుగా తట్టుకొనును, నిలుకడగా పనిచేయును. కాని బలము పూర్తిగా బయటినుండియే రావలెను. పలక బ్రేకులు వచ్చినకొలదియు బూస్టరు అవసరము పెరిగినది. దీనికి తొలిరూపము నిచ్చినవారిలో బెల్జియము దేశపు ఇంజనీరు ఆల్బర్ట్ దెవాండ్ర్ ముఖ్యుడు. ఆతని నిర్మాణమును జర్మనీలోని బాష్ సంస్థ 1927లో తయారుచేయసాగెను. నూనెతో పనిచేయు బ్రేకు అంతకు ముందరిది. అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ కల్పించిన ఆ పద్ధతిని 1921లో డ్యూసెన్‌బర్గ్ కార్లలో వాడిరి.

శూన్యముతో బ్రేకు వేయుట అనంతపురమువారికి క్రొత్త కాదు. గుంతకల్లు జంక్షనులో తరములతరబడి ఆగిన రైళ్లకు ఉండినవి శూన్యపు బ్రేకులే. ఆ రైళ్లలో ఏర్పాటు తలక్రిందులుగా నుండెను. బండి పొడవునను గొట్టములో శూన్యము ఉన్నంతసేపు చక్రములు స్వేచ్ఛగా తిరుగును; గాలి లోనికి వచ్చినచో బ్రేకు పడును. పెట్టెలు తెగి విడిపోయినను, ప్రయాణికుడు గొలుసు లాగినను గాలి చొరబడి బండి దానంతటదే ఆగును. తోడు తప్పినపుడు ఆగునట్లు చేసిన ఆ ఏర్పాటు కారు బూస్టరులో లేదు. తరువాతి కాలమున రైళ్లకు ఒత్తిడిగాలి బ్రేకులు వచ్చెను. లారీలకు, బస్సులకు గూడ ఒత్తిడిగాలియే. బస్సు ఆగినపుడు బుస్సుమని వినబడునది అదియే.

మేస్త్రి షెడ్డు ఉండిన ఆ ప్రాంతమున, పెనుకొండ చెంత ఎఱ్ఱమంచి పొలములలో, కియా వారి కార్ల కర్మాగారము వెలసినది. 2019లో అచటినుండి సెల్టోస్ కార్లు వెలువడసాగెను. 2022లో జిల్లాను విభజించినపుడు పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. చినుకుకై ఎదురుచూచిన నేలపై ఇపుడు కార్లు వరుసలు తీరి నిలుచుచున్నవి. విద్యుత్తుతో నడచు కార్లకు ఇంజను లేదు. ఎరువు తెచ్చుకొనుటకు శూన్యమును లేదు. కొన్నిటిలో దానిని పుట్టించుటకు విద్యుత్తు పంపు పెట్టుదురు. మరికొన్నిటిలో గాలిని పూర్తిగా విడిచి, మోటారుచేతనే కడ్డీని నెట్టింతురు.

ఆనాడు మేస్త్రి వ్యానును విడువలేదు. పంపునుండి బూస్టరుకు పోవు గొట్టము పాతబడి నెఱ్ఱెలు విచ్చియుండుట చూచి దానిని మార్చెను. బిగింపు పట్టీ క్రొత్తది వేసెను. పిదప రైతును సీటుపై కూర్చుండబెట్టి, ఇంజను ఆపియుండగనే పెడలును నాలుగైదు మారులు తొక్కుమనెను. నాలుగవ మారునకు అది రాయియయ్యెను. కల్వర్టు గుర్తునకు వచ్చి రైతు ముఖము పాలిపోయెను.

“కాలు తీయద్దు. అట్లే తొక్కిపట్టి ఇప్పుడు ఇంజను వెయ్యి,” అనెను మేస్త్రి.

రైతు తాళపుచెవి త్రిప్పెను. ఇంజను పొగ చిమ్మి తిరిగెను. ఆతని పాదము క్రింద పెడలు, ఎవరో క్రిందినుండి చేయిపట్టి దించినట్లు, మెల్లగా ఒక అంగుళము దిగినది.

“దిగింది!” అనెను రైతు.

“వచ్చినాడులే నీ తోడు,” అనెను మేస్త్రి. గొట్టము వెల మాత్రము పుచ్చుకొని, చేతులు తుడుచుకొనెను.

వ్యాను రహదారి దాటి మిట్ట ఎక్కి, ఆవలివైపునకు మరలి కనుమరుగైనది. అచటినుండి వంక వరకు ఏటవాలే. మేస్త్రి పని మాని, చెవియొగ్గి నిలుచుండెను. అది కల్వర్టు చేరువరకు ఇంజను చప్పుడు వినబడుచునే యుండెను.